రక్తపు చుక్కకు జవాబుదారీ ఎవరు?

స్వీడన్‌లో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే కొన్ని చుక్కల రక్తం తీసి, వడపోత కాగితం మీద ఆరబెడతారు. ఫినైల్‌కీటోన్యూరియా వంటి పుట్టుకతో వచ్చే జబ్బులను ముందే పసిగట్టి, బిడ్డ మెదడు దెబ్బతినకుండా కాపాడుకోవడం దీని ఉద్దేశం. పరీక్ష అయిపోయాక ఆ కాగితాన్ని పారేయరు. 1975 నుంచి పుట్టినవారి కాగితాలను భద్రంగా దాచి ఉంచారు. 2003 సెప్టెంబరులో ఆ దేశ విదేశాంగ మంత్రి అనా లిండ్ హత్య జరిగినప్పుడు, అనుమానితుడి డీఎన్‌ఏను పోల్చి చూడడానికి పోలీసులు వెళ్లింది ఈ కాగితాల దగ్గరికే. మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చిన సునామీలో ఆసియా తీరాల్లో స్వీడన్ పౌరులు వందలమంది చనిపోయారు. శవాలను గుర్తుపట్టడానికి మళ్లీ ఆ కాగితాలే కావలసివచ్చాయి. అందుకు చట్టం ఒప్పుకోకపోవడంతో పార్లమెంటు హుటాహుటిన దాన్ని తాత్కాలికంగా సవరించింది.

పసిబిడ్డ జబ్బు, హంతకుడి ఆచూకీ, ఆప్తుల శవం. ఈ మూడు పనుల్లో ఏదీ కొట్టిపారేయదగింది కాదు. బిడ్డ శవం కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఆ కాగితం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. కానీ రక్తం తీసిన రోజున ఎవరైనా ఆలోచించింది మొదటి పని గురించే. మిగిలిన రెండూ తర్వాత వచ్చి చేరాయి. ఆ రక్తం ఎవరిదో ఆ మనిషి వయసు అప్పటికి కొన్ని రోజులు.

మనిషి జన్యువులన్నిటినీ కలిపి చదివే జీనోమిక్స్ పరిశోధన చుట్టూ అల్లుకున్న నైతిక, న్యాయ చిక్కులకు మూలం ఇక్కడే ఉంది. నమూనా ఇచ్చేది ఒక మనిషి, ఒక రోజు, ఒక కారణానికి. అది మాత్రం దశాబ్దాలు నిలుస్తుంది. ఇచ్చిన మనిషి గురించే కాక తోబుట్టువుల గురించి, పిల్లల గురించి, ఎప్పుడూ చూడని దూరపు బంధువుల గురించి కూడా చెబుతుంది. ఇంకో ఇరవై ఏళ్లకు దాని నుంచి ఏం రాబట్టవచ్చో ఇవాళ ఏ శాస్త్రవేత్తా చెప్పలేరు. ఇంత ఉన్నా చట్టాలు, నిబంధనలు ఎక్కువ బరువు మోపుతున్నది ఆ ఒక్క రోజున చేసిన సంతకం మీద. ఆ సంతకానికి అంత బరువు మోసే సత్తా లేదు. నమూనా ఎవరి సొత్తు అని కోర్టులు మూడు నాలుగు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నాయి. దాన్ని దగ్గర పెట్టుకున్నవారు ఎవరికి, ఎన్నాళ్లు, దేనికి జవాబు చెప్పాలన్నదే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

పరిశోధన కోసం మనుషుల రక్తం, కణజాలం దాచిపెట్టే బయోబ్యాంకు అనగానే ఫ్రీజర్లు, ద్రవ నైట్రోజన్ తొట్లు కళ్లముందు మెదులుతాయి. అసలు విలువ ఉన్నది ఫ్రీజర్లో కాదు, నమూనాకు కలిపి ఉంచిన సమాచారంలో. రక్తం ఇచ్చినవారి ఆసుపత్రి రికార్డులు, అలవాట్లు, వాడే మందులు, చివరికి మరణ కారణం కూడా ఏళ్ల తరబడి వచ్చి చేరుతూ ఉంటేనే ఆ జన్యుక్రమానికి అర్థం వస్తుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ 2006 నుంచి 2010 దాకా 40 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 5 లక్షల మందిని చేర్చుకుంది. 2023 నవంబరులో దాదాపు వారందరి పూర్తి జన్యుక్రమాలను అనుమతి పొందిన పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. 2006లో సంతకం చేసినవారికి ఇంత పని ఒకనాటికి జరిగిపోతుందని తెలిసే వీలే లేదు. అప్పటికి ఒక్క మనిషి జన్యుక్రమం చదవడమే ఒక భారీ ప్రాజెక్టు.

అందుకే ఇలాంటి సంస్థలు విస్తృత సమ్మతి అనే పద్ధతిని ఎంచుకున్నాయి. ఫలానా జబ్బు మీద ఫలానా పరిశోధన అని కాకుండా, ఆరోగ్యానికి సంబంధించిన ఏ పరిశోధనకైనా వాడుకోవచ్చని ఒకేసారి అనుమతి తీసుకుంటారు. కొత్త అధ్యయనం మొదలైన ప్రతిసారీ లక్షల మందికి ఉత్తరాలు రాయడం జరిగే పని కాదన్నది వారి వాదన, అందులో నిజం ఉంది. ఇంకో పద్ధతిలో, నమూనా ఇచ్చినవారు ఆన్‌లైన్లో ఎప్పటికప్పుడు చూసుకుంటూ దీనికి సరే, దానికి వద్దు అని మార్చుకోవచ్చు. వినడానికి బాగుంటుంది. ఓపికగా, అక్షరం వచ్చి, ఇంటర్నెట్టు చేతిలో ఉన్నవారి మాటే అందులో ఎక్కువ వినిపించే ప్రమాదం ఉంది. విస్తృత సమ్మతిని తప్పుపట్టనక్కర్లేదు. అయితే అది మామూలు సమ్మతి లాంటిది కాదని ఒప్పుకోవాలి. ఏం చేస్తారో తెలిసి ఇచ్చే అనుమతి కాదది, చేసేవారిని నమ్మి ఇచ్చే అనుమతి. నమ్మకం మీద నడిచే ఏర్పాటుకు సంతకం పునాది కాలేదు. సంతకం తర్వాత జరిగే కాపలాయే పునాది.

ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో హవసుపాయి తెగ కథ చెబుతుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోతుల్లో నివసించే చిన్న తెగ అది. అక్కడ మధుమేహం విపరీతంగా ఉండేది. 1990ల మొదట్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహానికి జన్యు కారణాలు వెతుకుతామని రక్తం సేకరించారు. తెగవాళ్లకు నోటితో చెప్పింది మధుమేహం గురించి. సంతకం తీసుకున్న కాగితంలో మాత్రం ప్రవర్తనకు, ఆరోగ్యానికి సంబంధించిన రుగ్మతల కారణాలను అధ్యయనం చేస్తామన్న విశాలమైన వాక్యం ఉంది. తర్వాతి ఏళ్లలో అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్ల మీద, వారి పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద పరిశోధనలకు వాడారు. 2003లో ఆ తెగకు చెందిన ఒక మహిళ యూనివర్సిటీలో ఒక పరిశోధన ప్రసంగానికి వెళ్లి, అక్కడ చర్చిస్తున్నది తమ రక్తం గురించే అని గుర్తించడంతో విషయం బయటపడింది.

ఇక్కడ ఎవరి ఒంటికీ దెబ్బ తగలలేదు. ఎవరి పేరూ పత్రికలో రాలేదు. మరి నష్టం ఏమిటి? ఆ తెగ తాము ఆ లోయలోనే పుట్టామని నమ్ముతుంది. ఆ నమ్మకం వారికి పురాణం మాత్రమే కాదు, ఆ నేలతో వారికున్న బంధానికి ఆధారం. వారి పూర్వీకులు వేరే ఖండం నుంచి నడిచి వచ్చారని వారి రక్తంతోనే, వారికి చెప్పకుండా రాయడం, ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్ల గుట్టు రట్టు చేయడం లాంటిది. ఆ శాస్త్రీయ నిర్ధారణ సరైనదా కాదా అన్నది వేరే సంగతి. ఆ ప్రశ్న వేయడానికి వారు రక్తం ఇవ్వలేదు. 2010 ఏప్రిల్‌లో యూనివర్సిటీ 41 మంది తెగ సభ్యులకు 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తపు నమూనాలను తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఒప్పందంతో ముగిసింది కాబట్టి ఇలాంటి నష్టాన్ని చట్టం ఎలా కొలవాలో చెప్పే కోర్టు తీర్పు ఏదీ దీని నుంచి రాలేదు. గోప్యతా చట్టాలన్నీ వ్యక్తిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఒక సమూహం మొత్తం అవమానానికి గురైతే, పేర్లు బయటపెట్టలేదు కదా అని అవి ఊరుకుంటాయి.

ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు కదా అని సులువుగా అనేస్తారు. యూకే బయోబ్యాంక్ ఈ విషయంలో నిజాయితీగానే మాట్లాడుతుంది. ఇకమీదట సంప్రదించవద్దనడం, కొత్త సమాచారం సేకరించవద్దనడం, ఉన్నదాన్ని కూడా వాడవద్దనడం అని వైదొలగడాన్ని మూడు మెట్లుగా విడగొట్టింది. కానీ చివరి మెట్టులో కూడా అప్పటికే పూర్తయిన పరిశోధనల నుంచి ఒకరి డేటాను ఏరి తీసేయడం కుదరదు. ఫ్రీజర్లో ఉన్న గొట్టాన్ని నాశనం చేయగలరు. ఇప్పటికే లెక్కల్లో కలిసిపోయిన అంకెలను నాశనం చేయలేరు. ఈ సంగతి సంతకానికి ముందే చెప్పాలి.

ఇక సొత్తు ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. జాన్ మూర్ అనే రోగికి అరుదైన రక్త క్యాన్సర్ ఉండడంతో 1976లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రిలో ప్లీహం తీసేశారు. వైద్య అవసరమేనని నమ్మి ఆయన ఏళ్ల తరబడి సియాటిల్ నుంచి పరీక్షలకు వచ్చిపోతూ ఉన్నారు. ఆ లోగా డాక్టరు ఆయన కణాల నుంచి ప్రయోగశాలలో ఆగకుండా పెరిగే ఒక కణశ్రేణిని తయారుచేసి, దాని మీద 1984లో పేటెంటు వచ్చేలా చేశారు. మూర్ కోర్టుకు వెళ్లారు. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, తీసేసిన కణాల మీద రోగికి ఆస్తిహక్కు లేదంది. ఉందని ఒప్పుకుంటే పరిశోధన కుంటుపడుతుందని భయపడింది. అయితే తనకున్న ఆర్థిక ప్రయోజనాన్ని డాక్టరు ముందే చెప్పి ఉండాల్సిందని కూడా అంది. దీన్లో ఒక వింత మెలిక ఉంది. ఆ కణాలు డాక్టరుకు, యూనివర్సిటీకి, కంపెనీలకు సొత్తు కాగలవు. ఎవరి ఒంట్లో పుట్టాయో ఆ ఒక్కడికి తప్ప.

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్రోస్టేట్ క్యాన్సర్ నిపుణుడు విలియం కాటలోనా వేరే యూనివర్సిటీకి మారినప్పుడు, తమ నమూనాలను కొత్తచోటికి పంపమని దాదాపు 6 వేల మంది రోగులు సంతకాలు చేసి ఇచ్చారు. 2006లో కింది కోర్టు, 2007లో అప్పీలు కోర్టు ఆ నమూనాలు యూనివర్సిటీకి ఇచ్చిన బహుమతులని తేల్చాయి. రోగులు ఇకమీదట పాల్గొనకుండా ఉండవచ్చు, కానీ నమూనాను ఎక్కడికి పంపాలో చెప్పలేరు. వాళ్లు నమ్మింది తమ డాక్టరును. చట్టం దృష్టిలో మాత్రం అది భవనానికి ఇచ్చిన కానుక.

ఇంతకంటే బాధ కలిగించేది కానవాన్ వ్యాధి కేసు. పసిపిల్లల మెదడును క్షీణింపజేసే వ్యాధి అది. ఆ పిల్లల తల్లిదండ్రులు చనిపోయిన తమ బిడ్డల కణజాలాన్ని, డబ్బును, వంశాల వివరాలను పరిశోధకులకు స్వయంగా తెచ్చిచ్చారు. 1993లో జన్యువు దొరికింది. దాన్ని కనుగొన్న పరిశోధకుడు అప్పటికి మయామీలోని ఒక పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. 1997లో ఆసుపత్రి దాని మీద పేటెంటు పొంది, పరీక్షలు చేసేవారి దగ్గర రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. అందరికీ తక్కువ ఖర్చుతో పరీక్ష అందాలని తపించినవారికే ఆ పేటెంటు అడ్డుగోడ అయింది. 2003లో ఫెడరల్ కోర్టు ఆస్తిహక్కు వాదనను తోసిపుచ్చింది. కుటుంబాల శ్రమతో ఆసుపత్రి అన్యాయంగా లాభపడిందన్న ఒక్క వాదననే నిలవనిచ్చింది. తర్వాత రాజీ కుదిరింది. సహజంగా ఉన్న జన్యువు మీద పేటెంటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో మిరియడ్ అనే జన్యు పరీక్షల కంపెనీ కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. అప్పటికి ఆ పిల్లల తల్లిదండ్రుల పోరాటం ఎప్పుడో ముగిసిపోయింది.

ఇదే కాలంలో ఇంకో కుటుంబం వేరే దారి పట్టింది. సూడోజాంతోమా ఎలాస్టికమ్ అనే జన్యు వ్యాధి ఉన్న పిల్లల తల్లి షారన్ టెర్రీ, ఆమె భర్త కలిసి 1995లో పీఎక్స్ఈ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టి, రోగుల నమూనాలతో తామే బయోబ్యాంకు నడిపారు. నమూనా కావాలన్న పరిశోధకుడు వారి షరతులు ఒప్పుకోవాల్సిందే. 2000లో జన్యువు దొరికినప్పుడు పేటెంటులో ఆమె పేరు సహ ఆవిష్కర్తగా చేరింది, హక్కులు సంస్థ చేతికి వచ్చాయి. చట్టం మారలేదు, శాస్త్రం కూడా అదే. మారిందల్లా ఫ్రీజరు తాళం ఎవరి దగ్గర ఉందన్నదే. సొత్తు గురించి కోర్టులు ఇచ్చిన తీర్పులన్నిటి కంటే ఈ ఒక్క ఉదాహరణ ఎక్కువ నేర్పుతుంది.

సొత్తు వాదనకు ఇంకో పెద్ద లోపం ఉంది. నా ఇల్లు నాది అన్నంత తేలిగ్గా నా జన్యుక్రమం నాది అనలేం. అందులో సగం తల్లిది, సగం తండ్రిది. తోబుట్టువులతో సగటున సగం పంచుకున్నది. ఐస్‌లాండ్ 1998లో దేశ ప్రజలందరి ఆరోగ్య రికార్డులతో ఒక డేటాబేసు కట్టేందుకు చట్టం చేసింది. వద్దని ప్రత్యేకంగా చెప్పనివారంతా సమ్మతించినట్టే లెక్క. దాన్ని నిర్మించే హక్కు డీకోడ్ జెనెటిక్స్ అనే కంపెనీకి దక్కింది. చనిపోయిన తన తండ్రి రికార్డులు అందులో చేరకూడదని ఒక యువతి కోరింది. అధికారులు కుదరదన్నారు. 2003లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. తండ్రి తరఫున కాదు, ఆమె తరఫునే. తండ్రి వివరాల నుంచి కూతురి వంశపారంపర్య లక్షణాలు తెలిసిపోతాయి కాబట్టి ఆమె గోప్యతే ప్రమాదంలో ఉందని గుర్తించింది. ఆ డేటాబేసు చివరికి నిర్మాణం కానేలేదు. జన్యు సమాచారం మీద ఇప్పటిదాకా వచ్చిన తీర్పుల్లో ఇంత దూరం చూసింది బహుశా ఇంకొకటి లేదు.

హెన్రియెట్టా లాక్స్ కుటుంబానికి అలాంటి తీర్పు దక్కడానికి అరవై ఏళ్లు పట్టింది, అదీ కోర్టు ద్వారా కాదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అడిగే అలవాటే లేదు. పోలియో టీకా మొదలుకొని ఎన్నో పరిశోధనలకు, ఆమె పేరులోని అక్షరాలతో హీలా అని పిలిచే ఆ కణాలే ఆధారమయ్యాయి. ఈ కథ చాలామందికి తెలుసు. 2013లో జరిగింది అంతగా తెలియదు. ఆ మార్చిలో ఐరోపా శాస్త్రవేత్తలు హీలా కణాల జన్యుక్రమాన్ని ఇంటర్నెట్టులో అందరికీ కనిపించేలా పెట్టారు. ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు, కణాలు ఏళ్లుగా బజారులో దొరుకుతున్నవే. కానీ ఆ అక్షరాల్లో ఆమె మనుమలు, మునిమనుమల గురించిన సమాచారం ఉంది. అభ్యంతరం రాగానే తొలగించారు. ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కుటుంబంతో ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఆ జన్యుక్రమం కావాలన్న పరిశోధకుల దరఖాస్తులు పరిశీలించే బృందంలో ఆ కుటుంబానికి చెందిన ఇద్దరికి చోటు ఇచ్చారు. డబ్బు మాట తర్వాత వచ్చింది. కణాలను అమ్ముకున్న థర్మో ఫిషర్ కంపెనీ మీద 2021లో వారసులు వేసిన దావా 2023 ఆగస్టులో రాజీతో ముగిసింది, షరతులు గోప్యం.

పేరు తీసేస్తే సరిపోతుందన్న నమ్మకం మాత్రం చట్టాల్లో చాలాకాలం గట్టిగా నాటుకుని ఉంది. పేరు, చిరునామా చెరిపేసిన డేటాను అనామక డేటాగా లెక్కగట్టి, దానికి సమ్మతి కూడా అవసరం లేదనేవారు. 2008లో ఒక పరిశోధక బృందం వందలమంది డీఎన్‌ఏ కలిపేసిన మిశ్రమంలో కూడా ఫలానా మనిషి ఉన్నాడో లేదో తేల్చవచ్చని చూపింది. వెంటనే అమెరికా ఆరోగ్య సంస్థలు బహిరంగంగా ఉంచిన మొత్తాల పట్టికలను తీసేసి తలుపు వేసుకున్నాయి. 2013లో ఇంకో బృందం, పరిశోధన కోసం బహిరంగంగా పెట్టిన జన్యుక్రమాల్లోని, ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము గుర్తులను వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి ఇంటిపేర్లు ఊహించి, వయసు, రాష్ట్రం కలుపుకుని దాదాపు 50 మంది ఎవరో కనిపెట్టింది. ఎక్కడా దొంగతనం లేదు, తాళం పగలగొట్టింది లేదు. అందరికీ దొరికే సమాచారమే. 2018లో వెలువడిన మరో అధ్యయనం 12.8 లక్షల మంది ఉన్న డేటాబేసును పరిశీలించి, ఐరోపా మూలాలున్న అమెరికన్లలో 60 శాతం మందికి అందులో కనీసం ఒక దూరపు బంధువు, అంటే ముత్తాతల తల్లిదండ్రులు ఒక్కరే అయినంత దగ్గరివాడు, దొరుకుతాడని లెక్కగట్టింది. ఆ 60 శాతంలో ఎక్కువమంది ఎక్కడా ఉమ్మి ఇవ్వలేదు, ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు.

అదే ఏడాది కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి వరుస హత్యల కేసులో నిందితుణ్ని సరిగ్గా ఈ దారిలోనే, బంధువుల డీఎన్‌ఏ సాయంతో పట్టుకున్నారు. బాధితుల కుటుంబాలకు జరిగిన మేలును తక్కువ చేయలేం. కానీ వంశవృక్షం వెతుక్కోవడానికి ఇచ్చిన డీఎన్‌ఏ పోలీసు దర్యాప్తుకు ఎప్పుడు వాడాలి, ఏ నేరాలకు వాడాలి, ఎవరు అనుమతించాలి అన్న నియమాలు పట్టివేత తర్వాతే రాయడం మొదలైంది. స్వీడన్ కాగితాల కథే మళ్లీ జరిగింది.

చట్టాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. అమెరికా 2008లో జన్యు వివక్ష నిరోధక చట్టం తెచ్చింది. అది ఆరోగ్య బీమాకు, ఉద్యోగాలకు వర్తిస్తుంది. జీవిత బీమాకు, వైకల్య బీమాకు, దీర్ఘకాల సంరక్షణ బీమాకు వర్తించదు. మెదడును క్రమంగా దెబ్బతీసే, వంశపారంపర్యంగా వచ్చే హంటింగ్టన్ వ్యాధి జన్యువు ఉందని తెలిసిన మనిషికి మొదట గుర్తొచ్చేవి ఇవే కదా. కెనడా 2017 చట్టం మరింత గట్టిది. పరీక్ష చేయించుకోమనీ, ఫలితం చూపించమనీ ఒత్తిడి చేయడం నేరం, 10 లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు. దాన్ని 2020లో ఆ దేశ సుప్రీంకోర్టు స్వల్ప ఆధిక్యంతో నిలబెట్టింది. బ్రిటన్‌లో ప్రభుత్వానికీ బీమా సంస్థలకూ మధ్య ఒడంబడిక ఉంది. 5 లక్షల పౌండ్లకు మించిన జీవిత బీమాకు హంటింగ్టన్ పరీక్ష ఫలితం ఒక్కటే అడగవచ్చు. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ నిబంధన జన్యు డేటాను ప్రత్యేక రక్షణ కావలసిన వర్గంలో చేర్చింది, శాస్త్ర పరిశోధనకు మాత్రం మినహాయింపుల తలుపు తెరిచి ఉంచింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఇవి పట్టుకునేది దుర్వినియోగం జరిగిన తర్వాత. భయపడి ముందే పరీక్షకు, పరిశోధనకు దూరంగా ఉండిపోయినవారి నష్టం ఏ దావాలోనూ కనిపించదు.

పరిశోధకులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఏదో గుండెజబ్బు అధ్యయనం కోసం తీసుకున్న నమూనాలో క్యాన్సర్‌కు దారితీసే మార్పు కనబడితే ఏం చేయాలి? ఇది పుస్తకాల్లో ఉండే ప్రశ్న కాదు. ఐస్‌లాండ్‌లో బీఆర్‌సీఏ2 జన్యువులో ఒకే ఒక మార్పు జనాభాలో ఒక శాతం లోపు మందిలో ఉంది. అది ఉన్న స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. డీకోడ్ దగ్గరున్న డేటాతో వారు ఎవరెవరో గుర్తించవచ్చు. చెబితే కొందరి ప్రాణాలు నిలుస్తాయి. కానీ వాళ్లు నమూనా ఇచ్చింది ఫలితాలు చెప్పరన్న షరతు మీద, తెలియకుండా ఉండే హక్కు కూడా హక్కే అన్నది యునెస్కో 1997 ప్రకటనలోనే ఉన్న సూత్రం. చాలా ఏళ్ల వాదన తర్వాత 2018లో ఒక వెబ్‌సైటు పెట్టి, కావాలన్నవారు అడిగి తెలుసుకునే ఏర్పాటు చేశారు. ఎస్టోనియా మొదటి నుంచే ఇంకోలా ఆలోచించింది. 2000లో చేసిన ప్రత్యేక చట్టంలోనే, జన్యు నమూనా ఇచ్చినవారికి తమ గురించి తెలుసుకునే హక్కునూ, తెలుసుకోకుండా ఉండే హక్కునూ రెండింటినీ రాసిపెట్టింది. అక్కడి బయోబ్యాంకులో దాదాపు 2 లక్షల మంది ఉన్నారు, అంటే వయోజనుల్లో ఐదింట ఒక వంతు.

వీటిలో ఎస్టోనియా దారే మెరుగని ఒప్పుకోక తప్పదు. ఫలితాలు చెప్పం అన్న నియమం శాస్త్రానికి సౌకర్యం, లెక్క చెడిపోదు, ఖర్చు ఉండదు, ఇది వైద్యం కాదు పరిశోధన అని గీత గీసుకోవచ్చు. కానీ చికిత్స ఉన్న ముప్పు ఒక మనిషికి ఉందని కాగితం మీద కనిపిస్తున్నా, ఏళ్ల కిందట టిక్కు పెట్టిన గడిని చూపించి ఊరుకోవడం మనసొప్పే పని కాదు. ఇందులో డబ్బు చిక్కు నిజమైనదే. ఫలితాన్ని గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో మళ్లీ నిర్ధారించాలి, అర్థమయ్యేలా చెప్పే జన్యు సలహాదారు ఉండాలి, తర్వాత చికిత్స అందాలి. ఈ మూడూ లేనిచోట ఉత్తరం రాసి చేతులు దులుపుకుంటే, అది సాయం కాదు, భయం పెట్టడం.

మేలు ఎవరికి చేరుతుందన్నది మరో పెద్ద కథ. జన్యువులకూ జబ్బులకూ సంబంధం వెతికే భారీ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో ఐరోపా మూలాలున్నవారు 2009లో 96 శాతం, 2016లో 81 శాతం. అందుకే ఈ డేటా నుంచి తయారైన ముప్పు లెక్కలు మిగతా జనాలకు అంత బాగా సరిపోవు. మిగతావారిని చేర్చుకుంటే లోకానికే లాభమని పీసీఎస్‌కే9 జన్యువు నిరూపించింది. ఆ జన్యువు పనిచేయకపోతే చెడు కొలెస్టరాల్ బాగా తక్కువగా ఉంటుందని స్పష్టమైంది డాలస్ నగరంలో జరిగిన అధ్యయనంలో పాల్గొన్న ఆఫ్రికన్ అమెరికన్ల వల్ల. దాని ఆధారంగా 2015లో మందులు వచ్చాయి. అప్పట్లో వాటి ధర ఏడాదికి 14 వేల డాలర్ల పైచిలుకు. ఆ ధర కట్టగలిగినవారిలో రక్తం ఇచ్చినవారి పొరుగువారు ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు. నమూనాలు ఇవ్వండి, మీ ప్రజలకే మేలు అని పేద దేశాల్లో చెప్పేటప్పుడు, ఆ మేలు ఏ రూపంలో, ఏ ధరకు తిరిగి వస్తుందో కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు చెప్పేదాకా ఆగలేదు. 2017లో తామే పరిశోధకుల కోసం ఒక నియమావళి రాసి బయటపెట్టారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి ప్రకారం నడవడం అని అందులో అడిగినవి ఐదే.

అంతర్జాతీయ చట్టం ఇక్కడ వెనకబడి ఉంది. మొక్కలు, సూక్ష్మజీవుల జన్యు వనరుల నుంచి వచ్చే లాభాన్ని ఆ దేశంతో పంచుకోవాలని 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ చెబుతుంది. మనిషి జన్యు వనరులు దాని పరిధిలోకి రావు. అడవి మొక్కకు ఉన్నపాటి ఒప్పందం మనిషి రక్తానికి లేదు.

ఇంతకాలం ఈ చర్చ అంతా సంస్థ బతికి ఉంటుందన్న ఊహ మీద నడిచింది. ఆ ఊహ కూడా తప్పని 2025లో తేలింది. ఇంటికి గొట్టం పంపి ఉమ్మి తీసుకుని వంశమూలాలు చెప్పే 23అండ్‌మీ కంపెనీ దగ్గర కోటిన్నర మందికి పైగా డీఎన్‌ఏ ఉండేది. 2023లోనే దానికి ఒక దెబ్బ తగిలింది. వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డులతో దొంగలు నేరుగా తెరిచింది సుమారు 14 వేల ఖాతాలు. బంధువులను కలిపే సదుపాయం వల్ల బయటపడింది 69 లక్షల మంది సమాచారం. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కుర్చీలు, కంప్యూటర్లు, ఉమ్మి నమూనాలు అన్నీ అప్పులవాళ్లకు చెల్లించడానికి అమ్మదగ్గ ఆస్తుల జాబితాలో చేరాయి. మీ డేటా చెరిపేయమని అడగండని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ప్రజలకు హెచ్చరిక జారీచేయాల్సి వచ్చింది. ఖాతాదారుల అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదని రెండు డజన్లకు పైగా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. చివరికి సంస్థ వ్యవస్థాపకురాలు నడిపే లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది, పాత గోప్యతా హామీలకు కట్టుబడతానంది. వేలంలో ఇంకెవరు గెలిచి ఉన్నా ఆ కోటిన్నర మంది చేయగలిగింది చాలా తక్కువ.

ఇది ఒక్క కంపెనీల సమస్య అనుకోవడం పొరపాటు. మూడేళ్లకో ఐదేళ్లకో వచ్చే గ్రాంటుల మీద నడిచే విద్యాసంస్థల బయోబ్యాంకులకు కూడా ఒకరోజు డబ్బు ఆగిపోతుంది, నడిపే ప్రొఫెసరు రిటైరవుతారు, ఫ్రీజరు కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్న వస్తుంది. ప్రపంచ వైద్య సంఘం 2016లో సవరించిన తైపీ ప్రకటన ఈ సంగతిని ముందే చూసింది. బయోబ్యాంకు చేతులు మారినా, మూతపడినా నమూనాలను, డేటాను ఏం చేస్తారో పాలనా నియమాల్లో ముందే రాసి ఉండాలని అందులో ఒక వాక్యం ఉంది. డాక్టర్ల సంఘం చేసిన ప్రకటన అది, చట్టం కాదు. దివాలా కోర్టులో జడ్జి ముందుండేది అప్పుల పట్టిక, ఆ వాక్యాన్ని తెరిచి చూడాల్సిన బాధ్యత ఆయనకు లేదు.